గాడిద బొమ్మ సీసా మళ్ళీ వచ్చిన కథ

బోధన్‌లో ఏ ఇంట దావత్ జరిగినా, మొదటి సీసా మూత తీశాక గ్లాసు ఎవరి నోటికీ నేరుగా పోదు. ముందు లింబాద్రి చేతికి పోతుంది. ఎవరు పెట్టిన ఆచారమో ఎవరికీ తెలియదు గానీ, ముప్పై ఏళ్ళుగా నడుస్తున్న మర్యాద అది.

లింబాద్రికి షక్కర్‌నగర్ పోయే తోవలో టెంట్ హౌస్ ఉంది. షామియానా ఆయనది, కుర్చీలు ఆయనవి, వంట గంజులు ఆయనవి, చివరికి మందు పోసుకునే గ్లాసులు కూడా ఆయనవే. కాబట్టి పిలిచినా పిలవకపోయినా ప్రతి ఫంక్షన్‌లోనూ ఆయన ఉంటాడు. గ్లాసు చేతికి రాగానే లింబాద్రి దాన్ని ఎండకు ఎత్తి పట్టుకుంటాడు. ఒక కన్ను మూస్తాడు. మెల్లగా ఒకసారి తిప్పుతాడు. ముక్కు దగ్గర పెట్టుకుని, చుట్టూ ఉన్నవాళ్ళ గొంతులు ఆరిపోయేదాకా మాట్లాడడు. అప్పుడు తీర్పు చెప్తాడు.

"ఇది పెద్దమనుషుల మందు. తాగితే కొట్లాట గాదు."

లేదా, "పెండ్లికి సరిపోతది. చావుకు గీ మందు తేకుండ్రి, ఏడుపు రాదు."

తీర్పు అయ్యాక ఆ గ్లాసును పక్కవాడి చేతిలో పెట్టేస్తాడు. ఎవరైనా కొత్తవాడు "నువ్వు తాగవానే?" అని అడిగితే, లింబాద్రి ఆకాశం వైపు చూసి ఒక నిట్టూర్పు విడుస్తాడు.

"గాడిద బొమ్మ సీసా తాగిన నాలుక తమ్మి ఇది. దాని మీద ఇంకోటి పోసి ఖరాబు జేసుకుంటనా? అమెరికల ఆ భట్టీ మూతవడ్డది. మల్ల తెరిచిన్నాడు తాగుత."

ఎంత గొప్ప మాట! మూతబడిన భట్టీ తెరుచుకునేదెప్పుడు, లింబాద్రి తాగేదెప్పుడు. మూతబడ్డ తమ చక్కెర ఫ్యాక్టరీని మళ్ళీ తెరుస్తారన్న మాటను ప్రతి ఎలక్షన్‌కూ విని విని పండిపోయిన బోధన్ జనానికి ఆ సంగతి విడమర్చి చెప్పాల్సిన పని లేదు.

అసలు సంగతి ఏమిటంటే, అరవై ఏళ్ళ జీవితంలో లింబాద్రి నాలుకకు విస్కీ చుక్క తగల్లేదు. గాడిద బొమ్మదీ తగల్లేదు, గుర్రం బొమ్మదీ తగల్లేదు. ఈ రహస్యం తెలిసినవాళ్ళు లోకంలో ఇద్దరే. ఒకరు ఆయన తల్లి భీమవ్వ, రెండోవారు ఆయన భార్య గంగమణి.

గంగమణికి ఎట్లా తెలుసంటే, పెళ్ళినాడే తెలిసింది. ఆనాడు దోస్తులు బలవంతం చేసి పెళ్ళికొడుక్కి అర గ్లాసు కల్లు పట్టించారు. అప్పగింతల వేళకు ఆ కల్లు తలకెక్కింది. లింబాద్రి ఒంటి తత్వం ఏమిటంటే, చుక్క లోపలికి పోతే కన్నీళ్ళు బయటికి వస్తాయి, కన్నీళ్ళతో పాటు కడుపులో ఉన్న నిజాలన్నీ వస్తాయి. పెళ్ళికూతురు ముక్కు చీదుకునే లోపే పెళ్ళికొడుకు బావురుమన్నాడు. మామ కాళ్ళు పట్టుకుని, "మామా, ఈ గడియారం నాది గాదు, ఈ కోటు గూడ నాది గాదు" అని ఏడ్చాడు. అత్త తన కొంగుతో ఆయన కళ్ళు తుడిచింది. దూరంగా కూర్చున్న ముసలమ్మ ఒకామె, "ఇల్లరికం పోతుండా ఏంది పిలగాడు?" అని అడిగిందట. అప్పటినుంచి లింబాద్రి కల్లు అమ్మే మండువ ఉన్న వైపు నడవడు. గంగమణికి మాత్రం ఇప్పటికీ కోపం వచ్చినప్పుడల్లా, "మా అవ్వ నన్ను నీకు అప్పజెప్పిందా, నిన్ను నాకు అప్పజెప్పిందా?" అని అడగడం అలవాటు.

మరి ఆ సీసా సంగతి?

సీసా ఉంది. అందులో అబద్ధం లేదు. పెళ్ళికి ముందు లింబాద్రి బహ్రెయిన్‌లో ఒక హోటల్లో గదులు ఊడ్చే పని చేశాడు. అక్కడ వారెన్ సాబ్ అనే అమెరికా ఇంజనీరు చాలాకాలం ఒకే గదిలో ఉన్నాడు. ఒంటరి మనిషి. లింబాద్రి పక్క సర్దుతుంటే ఏదో ఒకటి మాట్లాడేవాడు. మా బాపు చక్కెర ఫ్యాక్టరీలో పని చేస్తాడు, చెరుకు మడ్డితో మందు కూడా తీస్తారు అని లింబాద్రి వచ్చీరాని ఇంగ్లీషులో చెప్పగానే ఆ సాబ్ ముఖం వెలిగిపోయింది. మా ఊళ్ళో మక్కలతో, అంటే మొక్కజొన్నతో, తీస్తారని చెప్పాడు. అల్మారీ తెరిచి సీసా చూపించాడు. దాని మీద నడుం వంగిన ఒక జంతువు బొమ్మ, కింద 'ఓల్డ్ టాలివర్' అని పేరు.

ఆ రోజు విన్న కథలో లింబాద్రికి సగం అర్థమైంది. మిగతా సగం ఆయన సొంతంగా పూరించుకున్నాడు. కెంటకీ అనే రాజ్యంలో టాలివర్ అనే కాపుకు మక్కలు విపరీతంగా పండాయట. అమ్ముడుపోక, పురుగు పట్టేలా ఉంటే, మరపట్టి, పులియబెట్టి, భట్టీ పెట్టాడు. ఆ మరను తిప్పింది ఒక కంచరగాడిద. తిప్పడమే కాదు, పీపాలు వీపున కడితే మనిషి తోడు లేకుండా బస్తీకి పోయి దుకాణం ముందు నిలబడేదట. అది చచ్చిపోతే టాలివర్ మూడు దినాలు అన్నం ముట్టక, దాని బొమ్మే సీసా మీద వేయించాడు. తర్వాత అక్కడి సర్కారు దేశం మొత్తం మందు బంద్ పెట్టింది. భట్టీలన్నీ కూలిపోయాయి. టాలివర్ కొడుకులు మాత్రం మాది మందు కాదు, ఔషధం అని పర్మిట్ తెచ్చుకున్నారు. డాక్టరు చీటీ రాస్తేనే సీసా. ఇంకేముంది, అమెరికా మొత్తానికి ఒక్కసారే దగ్గు పట్టుకుంది. బంద్ ఎత్తేశాక మంచి రోజులు వచ్చాయి. మనవళ్ళ కాలానికి మాత్రం పడుచువాళ్ళు రంగున్న మందు మానేసి నీళ్ళలా తెల్లగా ఉండేదాని వెంట పడ్డారు. పేరు చేతులు మారింది, ఆఖరికి భట్టీ చల్లారింది. "ఇది చివరి సరుకు" అని వారెన్ సాబ్ తన దేశం పోయేనాడు ఆ సీసాను లింబాద్రి చేతిలో పెట్టాడు. "మీ నాన్నతో కూర్చుని తాగు" అన్నాడు.

లింబాద్రి సీసాతో ఇల్లు చేరేసరికి బాపు నర్సన్న పోయి నెల దాటింది.

ఆ సీసాకు మూత తీయడానికి లింబాద్రికి చేతులు రాలేదు. ఆ ఏడు పెత్తరమాసకు, పోయిన పెద్దలకు ఇష్టమైనవి వండి పెట్టే నాడు, బాపు ఫోటో ముందు ఇస్తారాకులో మటన్, గారెలు పెట్టి, పక్కన ఆ సీసాను నిలబెట్టాడు. మొక్కాడు. మళ్ళీ తీసి అల్మారీలో పెట్టాడు. మరుసటి ఏడూ అంతే. మూత తీస్తే ఒక్క ఏడుతో అయిపోతుంది, తీయకపోతే బాపుకు ప్రతి ఏడూ కొత్త సీసాయే కదా అని ఆయన లెక్క.

భీమవ్వకు ఆ లెక్క నచ్చలేదు. "ముఖం జూపిచ్చి మురిపిస్తున్నవ్ గద బిడ్డా. మీ బాపు దూప తీరేదెట్ల?" అని గొణిగేది. కానీ కొన్నేళ్ళు గడిచాక ఒక విచిత్రం జరిగింది. సీల్ చెక్కుచెదరలేదు, మూత కదల్లేదు, లోపలి మందు మాత్రం మెడ నుంచి భుజాల దాకా దిగింది. పీపాల్లో ఉన్నప్పుడు మందు గాలికి ఆరి తగ్గుతుందనీ, దాన్ని దేవదూతల వాటా అంటారనీ వారెన్ సాబ్ చెప్పిన సంగతి లింబాద్రికి గుర్తొచ్చి తల్లికి చెప్పాడు. భీమవ్వ కొట్టిపారేసింది.

"ఏ దేవదూతలురా? మీ బాపు తాగిండు. ఫ్యాక్టరీల ముప్పయ్యేండ్లు జేసినోడు, మూత దియ్యకుంట తాగే ఉపాయం తెల్వదా ఆయనకు? పెత్తరమాసకు ఇంత, పెత్తరమాసకు ఇంత. ఎన్నడన్న అడ్డగోలుగ తాగిండా? గిప్పుడు గూడ పద్ధతిగనే తాగుతుండు."

ఇక ఆ సీసా ఆయనదే. ఇంట్లో ఎవరూ దాని మీద కన్ను వేయలేదు.

లింబాద్రి అబద్ధం పుట్టింది మాత్రం మన రాష్ట్రంలో మందు బంద్ పెట్టిన రోజుల్లో. అప్పుడు బోధన్ వాళ్ళంతా సాయంత్రం కాగానే బార్డర్ దాటి మహారాష్ట్రకు పోయి, రాత్రికి ఒకరినొకరు పట్టుకుని వచ్చేవాళ్ళు. ఊరు మొత్తం మీద సీసా ఉన్న ఇల్లు ఒక్కటే, లింబాద్రిది. భీమవ్వ దాన్ని పసుపు కొమ్ముల బస్తాలో దాచింది. సంగతి బయటపడి వాడకట్టులోని పెద్దమనుషులు దర్శనానికి వచ్చారు. పసుపు అంటిన సీసాను చేతుల్లోకి తీసుకుని, కళ్ళకు అద్దుకున్నంత పని చేసి, "ఎట్లుంటది లింబాద్రీ?" అని అడిగారు. అన్ని కళ్ళు తన మీదే ఉన్నప్పుడు, నాకు తెలియదు అనే మాట ఏ మగవాడి నోటికి వస్తుంది?

"ఎట్ల జెప్పాలె..." అన్నాడు లింబాద్రి. "నోట్లె నిలుస్తది."

ఆ ఒక్క మాట మీద ఆయన పరువంతా కట్టుకున్నాడు.

* * *

అబద్ధం ఒంటరిగా ఉన్నంత కాలం ఎవరికీ నష్టం లేదు. నాలుగేళ్ళ కింద బిడ్డ సుష్మ పెళ్ళిలో అది ఒకరి కాలు తొక్కింది.

సుష్మను ధర్పల్లిలో ఇచ్చారు. వియ్యంకుడు ధనుంజయ్ పసుపు రైతు, మాట మీద నిలబడే మనిషి, మాట పడని మనిషి. పెళ్ళి మర్నాడు తన ఇంటి ముందు దావత్ పెట్టాడు. మందు తెచ్చే బాధ్యత బామ్మర్ది రవీందర్‌కు అప్పగించాడు. మొదటి గ్లాసు, మర్యాదగా, లింబాద్రికే ఇచ్చారు.

లింబాద్రి ఎత్తాడు, తిప్పాడు, వాసన చూశాడు. అప్పటికి వరసగా మూడు పెళ్ళిళ్ళలో 'మంచిది' అనే చెప్పి ఉన్నాడు. ఎప్పుడూ మెచ్చుకుంటే తీర్పుకు విలువేముంటుంది అనిపించింది. అంతే, అంతకు మించి కారణం లేదు.

"ఫరవాలేదు గాని బావా," అన్నాడు తల అడ్డంగా ఊపి, "నోట్లె నిలువదు."

పందిరి కింద గ్లాసులు ఒక్కొక్కటిగా కింద పెట్టిన చప్పుడు ధనుంజయ్‌కు ఇప్పటికీ వినపడుతుంది. నలుగురిలో తల తీసేసినట్లయింది. దావత్ కాగానే రవీందర్‌ను పట్టుకుని, "నా ఇజ్జత్ దీసినవ్, నకిలీ సరుకు తెచ్చినవ్" అన్నాడు. రవీందర్ కాదన్నాడు. మాటకు మాట పెరిగి ఇద్దరి మధ్యా మాటలే ఆగిపోయాయి. ఒకే ఊరు, ఒకే వీధి. ధనుంజయ్ భార్య అప్పటినుంచి రాఖీ పండుగకు సొంత తమ్ముడి ఇంటికి వెనక గల్లీలోంచి దొంగలా పోయి, కట్టి, ఏడ్చి వస్తోంది. కోడలు సుష్మను ఎవరూ ఏమీ అనరు. కానీ కూరలో ఉప్పు తగ్గితే, "మీ బాపునడుగు, ముక్కుతోని జూసి చెప్తడు" అని ఒక మాట గోడకు తగిలి ఆమె మీద పడుతుంది.

ఇదంతా లింబాద్రికి తెలుసు. నేను తాగకుండానే అన్నాను అని ఒక్క మాట చెప్తే ఆ ముడి విడిపోతుందనీ తెలుసు. ఆ మాట చెప్పిన మర్నాటి నుంచి ఏ దావత్‌లోనూ గ్లాసు తన చేతికి రాదనీ తెలుసు. అందుకే నాలుగేళ్ళు మింగి కూర్చున్నాడు.

ఈ ఏడు పెత్తరమాసకు రెండు రోజుల ముందు సుష్మ ఫోన్ చేసింది.

"బాపూ, నీ గాడిద సీసా మల్ల వచ్చిందే!"

"ఎవలడిగిండ్రు?" అన్నాడు.

సుష్మ ఫోన్లో చూసింది చదివి చెప్పింది. టాలివర్ల ముని మనవరాలు ఒకామె ఎక్కడో లెక్చరర్ పని చేసుకునేదట. చేతులు మారిన తాతల పేరును తిరిగి కొనుక్కుందట. పాత భట్టీ గోడలు లేపి, మక్కలు మరపట్టి, పీపాల్లో నింపి, వాటి ముందు ఏళ్ళకేళ్ళు ఓపిగ్గా కూర్చుందట. మందు పాకానికి వచ్చాక అదే బొమ్మతో సీసా బయటికి తెచ్చింది.

"ఆడివిల్ల సూడు బాపూ, ఎంత గట్టిదో!"

"గట్టిదే బిడ్డా," అన్నాడు లింబాద్రి నీరసంగా. "ఆమెకు వేరే పనే దొరకలేదా?"

"ఇను మరి. మా మామ దుబాయ్ నుంచి వచ్చేటాయనతోని ఒకటి తెప్పిచ్చిండు. పెత్తరమాస నాడు నన్ను బతుకమ్మకు తోల్కొస్తుండు గద, అదే రోజు పట్టుకొస్తుండు. నీతోని తాగిపిచ్చి, పాతదీ గిదీ ఒకటేనా అని నలుగురిల అడుగుతడట. లింబాద్రి బావ నాలుక నిజమైందే అయితే రవీందర్ తప్పు చేసినట్టే, ఇగ జన్మల మాట్లాడ అంటుండు. బాపూ, అత్త మొన్న రాఖీకి..." అని మాట మార్చింది. "నీకు దండం బెడత, గీసారన్న మంచిగ మాట్లాడు."

ఫోన్ పెట్టేసి లింబాద్రి గంగమణి వైపు చూశాడు. ఆమె అంతా విన్నది.

"ఉన్నదున్నట్టు చెప్పరాదు?"

"చెప్తె నా ఇజ్జతేం గావాలె?"

"మంచి ఇజ్జతే. కట్టుకుంట విప్పుకుంట తిరుగనీకి అదేమన్న షామియానానా?"

ఆ రెండు రోజులూ లింబాద్రి తప్పించుకునే దారులు వెతికాడు. ఉపవాసం అందామంటే, పెత్తరమాస నాడు మటన్ ముందు కూర్చుని ఉపవాసం ఏమిటని గంగమణి నవ్వింది. జక్రాన్‌పల్లిలో టెంటు వేయాల్సి ఉందని పోదామంటే, పెద్దల అమావాస్య నాడు పెళ్ళి పెట్టుకునే పిచ్చివాడు ఎవడు? ఆఖరికి పంటి నొప్పి ఒక్కటే మిగిలింది. దవడకు తువ్వాల కట్టుకుని కూర్చున్నాడు.

ధనుంజయ్ మధ్యాహ్నానికి దిగాడు. ఒక చేతిలో తంగేడు పూల మూట, ఇంకో చేతిలో పెట్టె. వెనక సుష్మ. వాడకట్టులోని మగవాళ్ళు నలుగురైదుగురు సీసా వాసన పట్టి అప్పటికే అరుగు మీద చేరారు.

"ఏమైంది బావా, దవడకు?"

"పన్ను బావా. పానం పోతుంది. నోట్లె నీళ్ళు గూడ పొయ్యనిస్తలేదు."

"అరె, పంటినొప్పికి గింతకు మించిన మందున్నదా?" అంటూ ధనుంజయ్ పెట్టె విప్పాడు.

అదే బొమ్మ. అదే నడుం వంగిన కంచరగాడిద. లింబాద్రికి అది తనవైపే చూసి పళ్ళు ఇకిలించినట్లు అనిపించింది.

నర్సన్న ఫోటో ముందున్న పాత సీసాను ధనుంజయ్ చూశాడు. "రెండూ తీద్దాం. పక్కపక్క పెట్టి తాగితె తేలిపోతది."

"ఆగు బిడ్డా," అంది మూలన మంచం మీద కూర్చున్న భీమవ్వ. ఎనభై దాటినా గొంతు మాత్రం ఫ్యాక్టరీ సైరనే. "అది మీ మామది. ఇంకా తాగుతుండు. నడుమల గుంజుకుంటరా? కొత్తది దియ్యి. ముందుగాల ఆయనకు పొయ్యి. ఇన్నేండ్లు మూత నాకిండు, గీ పొద్దన్న మంచిగ తాగనీ."

కొత్త సీసా మూత తీశారు. దొప్పలో కొంత పోసి నర్సన్న ముందు పెట్టారు. రెండో పోత లింబాద్రి గ్లాసులో పడింది.

"బావా, నువ్వే అన్నవ్. భట్టీ తెరిచిన్నాడు తాగుత అని. తెరిచిండ్రు. తాగి చెప్పు, గదేనా?"

లింబాద్రి గ్లాసు ఎత్తాడు. ఎండకు పట్టాడు. తిప్పాడు. ఒక కన్ను మూశాడు. వాసన చూశాడు. అలవాటుగా గ్లాసును పక్కవాడి వైపు జరిపాడు. పక్కవాడు రెండు చేతులూ వెనక్కి పెట్టుకున్నాడు. ఇక దారి లేదు. లింబాద్రి బాపు ఫోటోకు ఒక దండం పెట్టి, కళ్ళు గట్టిగా మూసుకుని, ఒక్క గుక్కలో పోసుకున్నాడు.

మొదట గొంతులో మిరపబజ్జీ అడ్డం పడ్డట్లయింది. తర్వాత రొమ్ములో పొయ్యి రాజుకుంది. ఆ వేడి మెల్లగా చెవుల దాకా పాకింది. తర్వాత కాసేపు ఏమీ లేదు. ఆ తర్వాత గడ్డం వణకడం మొదలైంది.

"వచ్చింది," అంది గంగమణి లోపలినుంచి, కొంగు నోట్లో కుక్కుకుని.

లింబాద్రి కళ్ళలోంచి ధారలు కట్టాయి. దవడకు కట్టిన తువ్వాల తడిసిపోయింది. అరుగు మీది మగవాళ్ళు ఒకరి ముఖాలు ఒకరు చూసుకున్నారు. ధనుంజయ్ తొడ చరిచాడు.

"గదే! గదే రుచి! సూసిండ్రా, పాత రుచి యాదికొచ్చి పసిపోరని లెక్క ఏడుస్తుండు! అసలైన నాలుకంటే గిది!"

"అబ్బ, అబ్బ," అన్నారు అరుగు మీదివాళ్ళు. ఒకాయన కళ్ళు కూడా చెమ్మగిల్లాయి.

ఇంత గొప్ప తలుపు ఒక మనిషికి జీవితంలో ఒక్కసారే తెరుచుకుంటుంది. లింబాద్రి నోరు విప్పనక్కర్లేదు. తల కాస్త కిందికి ఊపితే చాలు, బోధన్ నుంచి బాన్సువాడ దాకా ఆయన నాలుకకు తిరుగు లేదు. ఆయన తల ఊపబోయాడు కూడా. అప్పుడే గడప దగ్గర గునుగు పూలు పట్టుకుని నిలబడ్డ సుష్మ కనిపించింది. పువ్వుల వైపు చూడటం లేదు ఆమె, తండ్రి వైపు చూస్తోంది. ఆ తర్వాత జరిగినదానిలో మందు పాలెంతో, బిడ్డ ముఖం పాలెంతో లింబాద్రికి కూడా తెలియదు.

"నేను తాగలె బావా!" అని బావురుమన్నాడు.

"తాగినవ్ గదనే, గిప్పుడేగా..."

"గిదిగాదు! అది! ఎన్నడు తాగలె. గాడిదది తాగలె, ఏది తాగలె. అన్ని అబద్ధాలే. మీ ఇంటి దావత్‌ల గూడ తాగలె. వాసనజూసి ఊకెనే అన్న. ఏదో ఒకటనాల్నని అన్న. రవీందర్ తప్పేం లేదు. నన్ను కొట్టుండ్రి. పన్ను గూడ నొస్తలేదు!" అని తువ్వాల విప్పి నేలకేసి కొట్టాడు.

అరుగు మీద ఎవరూ నమ్మలేదు. "నిషా ఎక్కింది పాపం, ఏదో మాట్లాడుతుండు" అన్నారు.

"నిషా గాదు, ఏం గాదు," అంది భీమవ్వ. "వాడు తాగినప్పుడే నిజం చెప్తడు. తాగకుంటెనే నమ్మద్దు."

గంగమణి కూడా గడప దాటి వచ్చి తల ఊపింది. ధనుంజయ్ ముఖంలోకి రక్తం ఎగబాకింది. లేచి నిలబడ్డాడు.

"నాలుగేండ్లు," అన్నాడు. "నాలుగేండ్లు నా బామ్మర్ది మొఖం జూడలే. మొన్న ఎండకాలం వాని పసుపు ఉడకవెట్టే కడాయి పగిలితె సాయానికి ఊరంత పోయింది, నేను పోలే. నువ్వు తాగకనే అన్నవా?"

లింబాద్రి ఏడుస్తూనే తల ఊపాడు.

ధనుంజయ్ జేబులోంచి ఫోన్ తీశాడు. కళ్ళు చిట్లించి, పేరు వెతికి, స్పీకర్ పెట్టి, చేయి చాచి పట్టుకున్నాడు. అవతల చాలాసేపు మోగింది.

"ఎవలు?" అంది ఒక బిగుసుకున్న గొంతు. ఎవరో తెలిసి అడిగిన అడుగు అది.

"నేన్రా, బావను."

"ఏ బావ?"

"నీకెంతమందున్నర్రా బావలు! ఇను. నువ్వు తెచ్చిన మందు మంచిదేనట."

అవతల దగ్గు వినిపించింది. "ఎవలు చెప్పిండ్రు?"

"లింబాద్రి బావ. తాగకుంటనే అన్నడట అప్పుడు. గిప్పుడు తాగి చెప్తుండు. ఇగో, మాట్లాడు!" అని ఫోన్ లింబాద్రి ముక్కు కింద పెట్టాడు. లింబాద్రి "తమ్మీ..." అని ఒక్క మాట పలికి, మిగతాదంతా ఏడ్చాడు.

ధనుంజయ్ ఆ ఏడుపు కాసేపు విన్నాడు. ఆయన మీసం ఒకవైపు కదిలింది, తర్వాత రెండోవైపు కదిలింది. పొట్ట పట్టుకుని మంచం మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టాడు. "పన్ను గూడ నొస్తలేదంట!" అని మళ్ళీ నవ్వాడు. అరుగు అరుగంతా నవ్వింది. సుష్మ తండ్రి పక్కన కూర్చుని పూలు ఆయన ఒళ్ళో పోసి, తానూ కొంచెం ఏడ్చి, కొంచెం నవ్వింది. ఫోన్‌లో రవీందర్ మాత్రం నవ్వలేదు.

"ఫోన్ల చెప్తె కాదు. దసరా నాడు ధర్పల్లికి రమ్మను. ఎవల ముంగట అన్నడో వాళ్ళ ముంగటనే చెప్పాలె," అని పెట్టేశాడు.

ఈ గొడవలో దొప్ప సంగతి అందరూ మరిచిపోయారు. భీమవ్వ మరవలేదు. నర్సన్న వాటా పోను మిగిలింది తాను తాగి, మూతి తుడుచుకుంది.

"ఏమన్నడే అవ్వా, బాపు?" అని అడిగాడు లింబాద్రి ముక్కు చీదుతూ.

"మక్క గుడాల వాసనొస్తుందట. పాతదే పద్ధతిగుంది, అంటుండు."

* * *

దసరా నాడు ఒకరి చేతిలో ఒకరు జమ్మి ఆకు పెట్టుకున్నాక, ధర్పల్లిలో రవీందర్ ఇంటి వాకిట్లో నాలుగేళ్ళ కిందటి ఆ పందిరి జనమంతా మళ్ళీ చేరారు. లింబాద్రి ఒక్క చుక్క కూడా తాగకుండా, తిన్నగా నిలబడి, చేతులు జోడించాడు. ఒళ్ళంతా చెమటలు. తాగి నిజం చెప్పడం ఇంత కష్టం కాదని ఆ క్షణంలో ఆయనకు తెలిసొచ్చింది.

"రవీందర్ తమ్ముడు తెచ్చిన మందు మంచిది. నేను తాగకుంటనే మాటన్న. తప్పైంది."

నవ్వనివాడు లేడు. "మరి గిన్నేండ్లు మాకు జెప్పిన తీర్పులేంది లింబాద్రన్నా?" అని ఒకాయన అరిచాడు. "మా పెండ్లి మందు చావుకు పనికిరాదన్నవ్, మా తాత చావుకు వేరే కొన్న!" అని ఇంకొకాయన. లింబాద్రి చెవులు ఎర్రబడ్డాయి గానీ, నిలబడ్డాడు. ధనుంజయ్ బామ్మర్దిని పట్టుకుని అలయ్ బలయ్ ఇచ్చాడు, వదల్లేదు. ధనుంజయ్ భార్య ముందు గల్లీలోంచి, అందరూ చూస్తుండగా, చేతిలో పళ్ళెంతో నడిచి వచ్చింది. దసరాకు రాఖీ ఏమిటని ఎవరూ అడగలేదు.

సందడి సద్దుమణిగాక రవీందర్ లింబాద్రి భుజం మీద చేయి వేసి, పెరట్లో పసుపు ఉడకబెట్టే కడాయి వెనక్కి తీసుకుపోయాడు. అటూ ఇటూ చూశాడు.

"అన్నా, ఒక్కటి అడుగుత. నిజం చెప్పు. తాగకుంటనే ఎట్ల గుర్తువట్టినవే?"

"ఏంది?"

"ఆ మందు మంచిదిగాదన్నా. బార్డర్ అవుతల ఎవడో అగ్గువకు ఇస్తే తెచ్చిన. పెట్టె మీద పేరొకటి, లోపల సరుకొకటి. నేను ఒక్క గ్లాసు తాగి మూడు దినాలు పండుకున్న. నువ్వు ఊకె ముక్కుతోని జూసి పట్టినవ్!" గొంతు ఇంకా తగ్గించాడు. "బావకు చెప్పకు. నీకు దండం బెడత. ఇప్పుడిప్పుడే మాట్లాడుతుండు."

లింబాద్రి కడాయి అంచు పట్టుకుని నిలబడిపోయాడు. ముప్పై ఏళ్ళలో తాను చెప్పిన తీర్పులన్నింటిలో నిజమైంది బహుశా అదొక్కటే. దాన్నే ఇప్పుడు ఊరందరి ముందు చేతులు జోడించి వెనక్కి తీసుకున్నాడు. వాకిట్లోంచి సుష్మ నవ్వు వినపడుతోంది, అత్తాకోడళ్ళు ఏదో పంచుకుని తింటున్నారు.

"చెప్ప తమ్మి," అన్నాడు. "ఎవలకు చెప్ప."

తిరుగు ప్రయాణంలో టెంట్ హౌస్ ట్రాలీ ఆటోను లింబాద్రి తోలుతున్నాడు. పక్కన గంగమణి. చేలలో వరి ఈనుతున్న వాసన, సాయంత్రపు చలిగాలి.

"వెనకకు తోల్కపోయి ఏం జెప్పిండు రవీందర్?"

"ఏం లేదు. పసుపు ఉడకవెట్టుడు గురించి."

"పసుపు గురించి చెప్తె మొఖం గంత వెలుగుతదా?"

లింబాద్రి ఖాళీ తోవ మీద హారన్ కొట్టాడు. ఇంకొంత దూరం పోయాక ఆగలేకపోయాడు.

"గంగమణీ, నా ముక్కు... మంచిదేనంటవా?"

గంగమణి వంగి, ఆయన ముఖంలోకి శ్రద్ధగా చూసింది.

"సలికి కారుతుంది. తుడుసుకో."